ఎద దడకు కారణం కాఫీయేనా?

మార్చి మొదటి వారం. బళ్ళారిలో ఆ రోజులు ఎట్లా ఉంటాయో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. పదకొండు దాటితే ఆటస్థలంలో మట్టి కాళ్ళకు చురుక్కుమంటుంది. అందుకే మా పీటీ సార్ వ్యాయామం పీరియడును ప్రార్థన హాలులోకి మార్చారు. రేకుల కప్పు. నాలుగు ఫ్యాన్లున్నాయి గానీ ఒకటి తిరగదు. పిల్లలు అక్కడే స్కిప్పింగు, గుంజీలు, ఉన్నచోటే పరుగు చేస్తుంటారు.

ఆ రోజు పదో తరగతి పిల్లవాడొకడు తాడు వదిలేసి గోడకు ఆనుకుని కూలబడ్డాడు. పక్క గదిలో పాఠం చెబుతున్న నన్ను పిల్లలు పరుగున వచ్చి పిలిచారు. వాడి ముఖం పాలిపోయి ఉంది. చెయ్యి ఎద మీద పెట్టుకున్నాడు.

“టీచర్, ఎద దడదడ కొట్టుకుంటా ఉంది.”

“పొద్దున ఏమి తిన్యావు రా?”

“ఏమీ తినలేదు టీచర్. కాఫీ తాగినా.”

మణికట్టు పట్టుకుని గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాను. పదిహేను సెకన్లలో 40 దాటింది. అంటే నిమిషానికి 160కి పైనే. నాకు చేతులు ఆడలేదు. నీళ్ళు తాగించి, తల తుడిచి, పీటీ సార్ బండి మీద కూర్చోబెట్టుకుని దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అప్పటికే దడ కొంత తగ్గింది. డాక్టరుగారు ఈసీజీ తీయించారు. గుండెలో లోపమేమీ లేదన్నారు. తర్వాత ఒక్కొక్కటే అడిగి రాబట్టారు. పరీక్షల భయంతో రాత్రంతా మేలుకుని చదివాడు. పన్నెండుకు ఒకటి, రెండుకు ఒకటి, నాలుగుకు ఒకటి, మొత్తం మూడు గ్లాసుల ఇన్‌స్టంట్ కాఫీ. బడికి వస్తూ దారిలో అంగడిలో ఒక ఎనర్జీ డ్రింకు డబ్బా. అన్నం లేదు, నిద్ర లేదు, నీళ్ళు సరిగ్గా లేవు. ఆ మీద రేకుల కింద స్కిప్పింగు.

“అంతా కాఫీ మీదికే తోసేయకండి టీచర్. వీడి శరీరానికి ఒకేసారి నాలుగైదు దెబ్బలు తగిలాయి” అన్నారు డాక్టరుగారు.

బడికి తిరిగొచ్చేసరికి తీర్పు మాత్రం ఖాయమైపోయింది. కాఫీ తాగితే గుండె పరిగెడుతుంది, అంతే. స్టాఫ్‌రూములో అదే మాట, తరగతిలో అదే మాట. ఇంట్లో మా అమ్మ కూడా “కాఫీ పైత్యం, ఎద దడ పుట్టిస్తుంది, నువ్వూ తగ్గించుకో తల్లీ” అంది. రోజుకు నాలుగు సార్లు తాగే మనిషిని కాబట్టి ఆ మాట నాకు గుచ్చుకుంది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె మాత్రం “నిజంగా కాఫీ వల్లేనని ఎట్లా తెలుస్తుంది టీచర్?” అని అడిగింది. సైన్సు టీచరు అట్లాంటి ప్రశ్నను దాటేసి పోకూడదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు మేము వెతుక్కున్న జవాబు.

సీటు మీద తువ్వాలు

కాఫీలో ఉత్సాహాన్నిచ్చే పదార్థం పేరు కెఫీన్. 1819లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రీడ్లీబ్ ఫెర్డినాండ్ రుంగే దాన్ని మొదటిసారి కాఫీ గింజల నుంచి వేరు చేశాడు. ఆ గింజలను ఆయన చేతికిచ్చి పరిశోధించమన్నది మహాకవి గోథే.

అది చేసే పని అర్థం కావాలంటే ముందు అడినోసిన్ గురించి తెలియాలి. మనం మేలుకుని పనిచేస్తున్నకొద్దీ మెదడులో అడినోసిన్ పోగవుతుంది. అది నాడీకణాల మీద తనకని ఉన్న స్థానాల్లో కూర్చుంటే మనకు మగతగా, అలసటగా అనిపిస్తుంది. కెఫీన్ ఆకారంలో అడినోసిన్‌ను కొంత పోలి ఉంటుంది. అందుకే వెళ్ళి ఆ స్థానాల్లో తాను కూర్చుంటుంది. గుంతకల్లు బస్సు స్టాండులోకి రాగానే కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసేవాళ్ళను చూసే ఉంటారు. తువ్వాలు ప్రయాణం చేయదు, కానీ ఇంకొకరిని కూర్చోనివ్వదు. కెఫీన్ వేసేది ఆ తువ్వాలే. అలసట పోలేదు, అలసట కబురు మాత్రం చేరలేదు. తువ్వాలు తీసిన వెంటనే, అంటే కెఫీన్ దిగిపోగానే, ఆగిన అలసటంతా ఒక్కసారి వచ్చి కూర్చుంటుంది.

ఇది మెదడులో సంగతి. గుండెలో కూడా అడినోసిన్‌కు స్థానాలున్నాయి. అక్కడ దాని పని గుండె వేగాన్ని నెమ్మది చేయడం. ఆ పనికి కెఫీన్ అడ్డు పడుతుంది కాబట్టి గుండె వేగం పెరగాలి. పైగా కెఫీన్ వల్ల అడ్రినలిన్ కూడా కొంత ఎక్కువగా విడుదలవుతుంది. ఆ లెక్కనా వేగం పెరగాలి. మా స్టాఫ్‌రూము తీర్పు ఇక్కడిదాకా సరైనదే.

అయితే కథలో మూడో పాత్ర ఒకటుంది. అడినోసిన్ రక్తనాళాలను వదులు చేస్తుంది. కెఫీన్ దాన్ని అడ్డుకోవడంతో నాళాలు కొంత బిగుసుకుని రక్తపోటు పెరుగుతుంది. మెడలోని పెద్ద ధమనుల్లో ఒత్తిడిని కనిపెట్టే గ్రాహకాలున్నాయి. అవి వెంటనే మెదడుకు కబురు పంపుతాయి. అక్కడినుంచి వేగస్ నాడి ద్వారా గుండెకు “నిదానించు” అని ఆజ్ఞ వస్తుంది. ఒకవైపు తోసే చేతులు, ఇంకోవైపు లాగే చేతులు. అందువల్లే ఊరికే కూర్చున్న పెద్దవాళ్ళలో మామూలు మోతాదు కాఫీ తర్వాత గుండె వేగం పెద్దగా మారదు. కొందరిలో రెండు మూడు సార్లు తగ్గుతుంది కూడా.

మెట్టు ఎక్కి దిగి చూశాం

పుస్తకంలో చదివినదాన్ని పిల్లల కళ్ళముందు చేసి చూపించాలనుకున్నాం. ఒక్క నియమం ముందే పెట్టుకున్నాం. ప్రయోగం కోసం పిల్లలెవరికీ కాఫీ ఇవ్వకూడదు. తాగేది మేము, లెక్కపెట్టేది వాళ్ళు. నేను, పీటీ సార్, కాఫీ టీ రెండూ అలవాటు లేని మా కన్నడ టీచరు ఒప్పుకున్నాం.

వ్యాయామానికి మెట్టు పరీక్ష ఎంచుకున్నాం. గది లోపలే చేయవచ్చు, యంత్రమేదీ అక్కర్లేదు. అమెరికాలోని హార్వర్డ్‌లో 1940ల మొదట్లో ఇరవై అంగుళాల బల్ల ఎక్కి దిగే పరీక్ష తయారైంది. అంత ఎత్తు మా మోకాళ్ళకు మంచిది కాదు. తర్వాత వచ్చిన తేలిక పద్ధతిలో మెట్టు పన్నెండు అంగుళాలు. మా హాలు వేదిక మెట్టు కొలిస్తే దాదాపు అంతే ఉంది. నిమిషానికి 24 సార్లు ఎక్కి దిగాలి, మూడు నిమిషాలు. ఒక అమ్మాయి ఫోనులో నిమిషానికి 96 దెబ్బలు పెట్టుకుని, స్కేలుతో బల్ల మీద కొట్టింది. కుడికాలు పైకి, ఎడమకాలు పైకి, కుడి కిందికి, ఎడమ కిందికి. నాలుగు దెబ్బలకు ఒక్క మెట్టు. అట్లా కొడితే ఏ రోజైనా పని ఒకటే అవుతుంది. వేగం మారితే నాడి మారుతుంది, అప్పుడు కాఫీ సంగతి తేలదు.

నాలుగు రోజులు ఉదయం ఎనిమిదికే, ఎండ ముదరకముందే చేశాం. ఒక రోజు కాఫీ లేకుండా, ఒక రోజు కాఫీతో, మళ్ళీ అట్లాగే. కాఫీ రోజున 45 నిమిషాల ముందు తాగాం. కడుపులో పడిన కెఫీన్ రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరడానికి సాధారణంగా అరగంట నుంచి గంట పడుతుంది. మా ఇంట్లో తాగేది ఫిల్టర్ కాఫీ. అది ఏ రోజు ఎంత చిక్కగా దిగుతుందో చెప్పలేం. అందుకని ఇన్‌స్టంట్ పొడి వాడాం. కొలిచిన చెంచాతో, రెండు గ్లాసులు.

నాడి చూసే పని పిల్లలది. మణికట్టులో బొటనవేలి వైపున, చూపుడువేలు, మధ్యవేలు ఆనించి చూడాలి. బొటనవేలితో చూడకూడదు. దానిలో సొంత నాడి తెలుస్తుంది కాబట్టి లెక్క తప్పుతుంది. ఇద్దరు పిల్లలు రెండు చేతులూ పట్టుకుని విడివిడిగా లెక్కపెట్టి, అంకెలు కలిస్తేనే రాశారు.

నా లెక్క చెబుతాను. కాఫీ లేని రెండు రోజులూ మెట్టు దిగగానే నా నాడి 124, 128. కాఫీ రోజుల్లో 124, 120. పీటీ సార్‌దీ అంతే, తేడా కనబడలేదు. అలవాటు లేని కన్నడ టీచరుకు ఒక కాఫీ రోజున ఎనిమిది పెరిగింది, రెండో కాఫీ రోజున పెరగలేదు. కానీ ఆమె రెండు రోజులూ “ఎద కొట్టుకోవడం నాకు తెలుస్తా ఉంది, వేళ్ళు వణుకుతున్నాయి” అన్నారు. పిల్లలు నాడి చూస్తే మామూలుగానే ఉంది.

దీన్ని పిల్లలు చాలాసేపు చర్చించుకున్నారు. గుండె వేగంగా కొట్టుకోవడం వేరు, కొట్టుకుంటున్నట్టు తెలియడం వేరు. గుండె ఒక్కొక్క దెబ్బ గట్టిగా కొట్టినా, మనసు దాని మీదే ఉన్నా, దడగా అనిపించవచ్చు. నిజంగా వేగం పెరిగిందా అన్నది వేళ్ళు, గడియారమే చెప్పాలి.

ముగ్గురు మనుషుల నాలుగు రోజుల లెక్క శాస్త్ర నిరూపణ కాదు. ఆ మాట పిల్లలకు బోర్డు మీద రాసి మరీ చెప్పాను. అయితే ప్రయోగశాలల్లో సైకిలు, ట్రెడ్‌మిల్ మీద ఎన్నో ఏళ్ళుగా చేసిన పరిశోధనలు కూడా మొత్తం మీద ఇటువైపే చూపుతున్నాయి. ఒకే వేగంతో ఒకే పని చేయిస్తే, కెఫీన్ తీసుకున్నప్పుడు గుండె వేగంలో తేడా చాలా తక్కువ. ఒక్కోసారి కాస్త ఎక్కువ, ఒక్కోసారి కాస్త తక్కువ. శక్తినంతా పెట్టి పరిగెత్తినప్పుడు గుండె చేరే గరిష్ఠ వేగాన్ని కూడా అది పెద్దగా మార్చదు.

మరి మారేదేమిటి?

మూడు విషయాలు మారతాయి.

మొదటిది, శ్రమ తక్కువగా అనిపించడం. అలసట కబురు ఆలస్యంగా చేరుతుంది కాబట్టి మనిషి ఇంకాస్త వేగంగా, ఇంకాస్త ఎక్కువసేపు చేస్తాడు. కిలో బరువుకు 3 నుంచి 6 మిల్లీగ్రాముల కెఫీన్ ఓర్పు ఆటల్లో కొంచెం మేలు చేస్తుందని క్రీడా పోషణ నిపుణులు ఒప్పుకుంటారు. ఒకప్పుడు ఒలింపిక్స్‌లో కెఫీన్ మోతాదు మించితే నిషేధం ఉండేది. 2004 జనవరి నుంచి దాన్ని నిషేధ జాబితా నుంచి తీసేశారు. ఇప్పటికీ గమనిస్తూనే ఉన్నారు. స్కిప్పింగులో మనమే వేగం పెంచేస్తే నాడి పెరుగుతుంది. ఆ పెరుగుదల వేగానిది, నేరం మాత్రం కాఫీ మీద పడుతుంది.

రెండోది, వ్యాయామం ఆపాక గుండె నెమ్మదించే తీరు. కెఫీన్ మోతాదు ఎక్కువైతే కొందరిలో నాడి మామూలు స్థితికి రావడానికి ఎక్కువ సమయం పడుతుంది. మా పిల్లవాడి విషయంలో నేను భయపడిన 160 అనే అంకె నిజానికి భయపడాల్సింది కాదు. ఆ వయసు పిల్లలు స్కిప్పింగు చేస్తే అంత వేగం మామూలే. నేను చూడాల్సింది కూర్చున్న తర్వాత అది ఎంత త్వరగా దిగుతోందన్నది. ఆ రోజు ఆ సంగతి నాకు తోచలేదు.

మూడోది రక్తపోటు. దాని గురించి కాస్త ఆగి చెబుతాను.

అసలు దోషి నెత్తిమీదే ఉంది

ఐదో రోజు ప్రశ్న అడిగిన ఆ అమ్మాయే ఇంకో మాట అంది. “టీచర్, మనం పొద్దున ఎనిమిదికి చేస్తున్నాం. వాడు పడిపోయింది పదకొండు దాటాక కదా.”

నిజమే. అందుకని ఒక రోజు కాఫీ తాగకుండా, మధ్యాహ్నం పన్నెండుకు, అదే హాలులో అదే మెట్టు మీద, అదే మూడు నిమిషాలు చేశాను. నా నాడి 144. ఎనిమిది గంటలప్పటి కన్నా పదహారు ఎక్కువ, కాఫీ చుక్క లేకుండానే. పీటీ సార్‌కూ అట్లాగే పెరిగింది.

కారణం ఇది. వ్యాయామంలో కండరాలకు రక్తం కావాలి. వేడిలో చర్మానికీ కావాలి, ఎందుకంటే లోపలి వేడిని బయటికి పంపే దారి అదే. ఒక్క గుండె రెండు దిక్కులకూ పంపాలి. అటు చెమటతో నీరు పోయి రక్తం పరిమాణం తగ్గుతుంది. ఒక్కో దెబ్బకు బయటికి వెళ్ళే రక్తం తగ్గితే, గుండె దెబ్బల సంఖ్య పెంచి ఆ లోటు పూడ్చుకుంటుంది. అందుకే వేడిలో అదే పని ఇరవై ముప్ఫై నిమిషాలు చేస్తే, వేగం మార్చకపోయినా నాడి మెల్లగా ఎక్కుతూనే ఉంటుంది.

బయట పరిగెత్తేవాడికి ఎంతో కొంత గాలి తగులుతుంది. చెమట ఆరుతుంది. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, కారితే చల్లబడదు. గాలి ఆడని గదిలో, ఉన్నచోటే గెంతేవాడికి ఆ సౌకర్యం లేదు. ఎండ తప్పించామనుకుని పిల్లలను మేము పెట్టింది రేకుల కింద, తిరగని ఫ్యాను కింద. ఆ పిల్లవాడు కూలబడింది సరిగ్గా ఆ ఫ్యాను కిందే. ఇళ్ళలో తలుపులు బిగించుకుని సైకిలు తొక్కేవాళ్ళకూ, కిటికీలు లేని జిమ్ములకు వెళ్ళేవాళ్ళకూ ఈ మాట వర్తిస్తుంది. నాడి ఎక్కువగా ఉంటే కాఫీని అనుమానించే ముందు కిటికీ చూడండి, నీళ్ళు తాగారో లేదో చూసుకోండి.

నాడి చెప్పని మాట

ఇప్పుడు మూడో విషయం. మా ప్రయోగం సంగతి విని, టీకాలకు వచ్చే ఆరోగ్య కేంద్రం సిస్టర్ ఒక రోజు బీపీ మిషను తెచ్చారు. పిల్లలకు చూపించడానికి మా ముగ్గురికీ కాఫీకి ముందు, గంట తర్వాత కొలిచారు. నాడి లెక్కలో నేనే అందరికన్నా బాగున్నాను కాబట్టి ధీమాగా చెయ్యి చాపాను.

కాఫీకి ముందు 142/90. గంట తర్వాత 150/94. ఆ రెండుసార్లూ నాడి 76, 74.

పిల్లలు నోట్సులో రాసుకుంటున్నారు. సిస్టర్ మాత్రం రాయడం ఆపి నా వైపు చూశారు. “టీచరమ్మా, మీరెప్పుడైనా చూపించుకున్నారా?” అన్నారు మెల్లగా. నేను ఎప్పుడూ చూపించుకోలేదు. నలభై దాటాక ఏటా ఒకసారైనా బీపీ చూపించుకోవాలని పిల్లలకు పాఠం చెప్పే మనిషినే.

ఒక్క కొలతతో బీపీ ఉందని తేల్చరు. డాక్టరుగారు వారం రోజులు ఉదయం, సాయంత్రం చూపించుకోమన్నారు. కొలిచే ముందు అరగంట పాటు కాఫీ, టీ, వ్యాయామం వద్దని, ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, మాట్లాడకుండా కూర్చోవాలని చెప్పారు. వారమంతా 140/90కి పైనే ఉంది. మందు మొదలైంది. మా నాన్నకూ ఈ జబ్బు ఉండేది. కాఫీ నాకు బీపీ తెచ్చిపెట్టలేదు, ఉన్నదాన్ని తాగిన ప్రతిసారీ కొన్ని గంటలపాటు ఇంకాస్త పైకి నెడుతోంది. రోజూ తాగేవాళ్ళలో ఈ ప్రభావం తగ్గుతుంది గానీ అందరిలో పూర్తిగా పోదు. వ్యాయామంలో బీపీ ఎట్లాగూ పెరుగుతుంది. ఆ పైన కాఫీ తోడైతే నాలాంటివాళ్ళకు రెండూ కలుస్తాయి. నాడి మాత్రం ఏమీ ఎరగనట్టు 74 అని చూపిస్తుంది. చేతి గడియారం నాడి చూపిస్తోంది కదా అని ధీమాగా ఉండేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఎంత వరకు?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ తయారుచేసి 2024లో విడుదలైన ఆహార మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్ళు రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ మించకూడదు. 150 మిల్లీలీటర్ల కప్పు లెక్కన డికాషన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ టీ తాగవద్దని కూడా అందులో ఉంది. అన్నంలోని ఇనుము ఒంటికి పట్టకుండా అవి అడ్డుపడతాయి. రక్తహీనత ఉన్న మన ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం.

కాఫీ గింజలో కూడా తేడా ఉంది. రోబస్టా గింజలో అరబికా కన్నా దాదాపు రెండింతల కెఫీన్ ఉంటుంది. చిక్కమగళూరు, అరకు కొండల అరబికా గింజలు రెండూ 2019లో భౌగోళిక గుర్తింపు పొందాయి. పొడిలో కలిపే చికోరీలో కెఫీన్ ఉండదు. అందుకని చిక్కగా, నల్లగా ఉన్న డికాషన్‌లో కెఫీన్ ఎక్కువని అనుకోనక్కర్లేదు.

పిల్లల లెక్క వేరు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో పిల్లలకు రోజుకు కిలో బరువుకు 3 మిల్లీగ్రాముల లోపు అని చెప్పింది. మా పిల్లవాడి బరువు 45 కిలోలు. అంటే 135 మిల్లీగ్రాములు. ఆ రాత్రి మూడు గ్లాసుల ఇన్‌స్టంట్ కాఫీలో తక్కువలో తక్కువ 150. మన దేశ నిబంధనల ప్రకారం ఎనర్జీ డ్రింకుల్లో లీటరుకు 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండవచ్చు. 250 మిల్లీలీటర్ల డబ్బాలో 75 దాకా. రెండూ కలిపితే 225. హద్దు దాటి చాలా దూరం పోయాడు. డబ్బా మీద పిల్లలకు తగదని సన్నని అక్షరాల్లో రాసే ఉంటుంది. అంగట్లో ఇచ్చేవారు చూడరు, తాగేవారు చదవరు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2011లోనే ఎనర్జీ డ్రింకులకు పిల్లల ఆహారంలో చోటు లేదని తేల్చి చెప్పింది.

ఇంకో లెక్క కూడా పిల్లలతో వేయించాను. ఒంట్లో కెఫీన్ సగం కావడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. మనిషిని బట్టి ఇది మారుతుంది, గర్భిణుల్లో ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. తెల్లవారుజామున నాలుగుకు తాగిన కాఫీలో మూడో వంతుకు పైగా పదకొండుకు కూడా మా పిల్లవాడి రక్తంలో ఉంది. సాయంత్రం ఆరుకు తాగితే రాత్రి పదకొండుకు సగం ఉంటుంది. చదివింది జ్ఞాపకంగా నిలవాలంటే నిద్ర కావాలి. నిద్ర మానుకుని చదివితే, బిందెకు చిల్లు పెట్టి నీళ్ళు పట్టినట్టే.

మీ బడిలో చేయాలంటే

కాఫీ లేకుండానే ఈ పాఠం చేయవచ్చు. గాలి ఆడే గదిలో, ఉదయం పూట చేయించండి. పిల్లలు ఐదు నిమిషాలు కూర్చున్నాక నాడి లెక్కపెట్టాలి. మూడు నిమిషాలు మెట్టు ఎక్కి దిగాక వెంటనే ఒకసారి, తర్వాత నిమిషానికొకసారి ఐదు నిమిషాలపాటు లెక్కపెట్టి గ్రాఫు గీయాలి. ఎంత ఎక్కింది అన్నది కాక, ఎంత త్వరగా దిగింది అన్నది చూడమనండి. రెండు వారాలు రోజూ స్కిప్పింగు చేశాక మళ్ళీ గీస్తే గ్రాఫు దిగే తీరులో మార్పు వాళ్ళకే కనబడవచ్చు.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం ప్రయోగం, పాఠం అన్నీ పక్కన పెట్టాలి. ఎదలో నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం, నాడి లయ తప్పి కొట్టుకోవడం, కూర్చుని పది నిమిషాలైనా దడ తగ్గకపోవడం. ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినవారు ఉంటే ఆ పిల్లలను ముందే డాక్టరుకు చూపించాలి. మేము చేసినట్టు కాఫీ మీదో, ఎండ మీదో నేరం వేసి ఊరుకోకూడదు.

ఆ పిల్లవాడు ఎస్సెస్సెల్సీ పరీక్షలు బాగానే రాశాడు. పరీక్ష రోజున గేటు దగ్గర కనబడితే “రాత్రి ఎన్నింటికి పడుకున్నావు రా?” అన్నాను. “పదిన్నరకే టీచర్. పొద్దున సద్దన్నం తిన్యా. కాఫీ ఒక్కటే, అర గ్లాసు” అన్నాడు. మానేశానని అబద్ధం చెప్పనందుకు సంతోషించాను. నేనూ మానలేదు. నాలుగు రెండయ్యాయి, అవి కూడా మధ్యాహ్నం లోపలే. సాయంత్రం నడకకు ముందు మాత్రం తాగడం లేదు.

తొమ్మిదో తరగతి పిల్లలు తమ అంకెలన్నీ ఒక పట్టికగా వేసి, ఉదయం ఎనిమిదికి ఎంత, మధ్యాహ్నం పన్నెండుకు ఎంత అని చూపిస్తూ, తెలుగులో ఒకటి, కన్నడంలో ఒకటి అర్జీ రాసి పెద్దసారుకు, ఎస్‌డీఎంసీ వారికి ఇచ్చారు. రెండేళ్ళుగా మేమంతా నోటితో అడిగినా కాని పని, ఆ అంకెలు చూశాక వారంలో అయ్యింది. హాలులో నాలుగో ఫ్యాను ఇప్పుడు తిరుగుతోంది. వ్యాయామం పీరియడు కూడా ఉదయం మొదటి గంటకు మారింది.